తాగి ఉన్నాడన్న మాట

లాయరమ్మ కోర్టు నుంచి ఇల్లు చేరేసరికి తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పనిముట్ల సంచి. తాళంచెవి అతని దగ్గరా ఒకటి ఉంది, అయినా లోపలికి వెళ్ళలేదు.

ఆమెకు ఆ రోజు ఒంట్లో ఓపికన్నది మిగల్లేదు. పొద్దున్నుంచీ ఒక్క కేసు కోసం కూర్చుంటే, సాయంత్రం పిలిచి, అవతలి లాయరుకు జలుబు చేసిందని వాయిదా వేశారు. నల్లకోటు చేతిమీద తడిబట్టలా బరువుగా వేలాడుతోంది. చెప్పులు విప్పుతూ, "లోపలికి రా. టీ పెడతాను" అంది.

"టీ తర్వాత. ముందు నా మీద కేసు పెట్టించు" అన్నాడు తమ్ముడు.

"ఎవరి ఫ్రిజ్జు తగలబెట్టావు?"

అతను నవ్వలేదు. ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేసుకుని బతికే మనిషి. నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. అక్క కింది వాటాలో, అతను పై గదిలో. మామూలుగా అయితే అక్క వేసిన జోకుకు అతనే ముందు నవ్వుతాడు, జోకు బాగోకపోయినా సరే.

"పోయినవారం బస్సులో నా పక్కనాయన చచ్చిపోయాడక్కా" అన్నాడు. "అంటే నేను దిగిపోయాక."

ఆమె మెట్టు మీదే కూలబడింది. టీ సంగతి మర్చిపోయింది.

అతను చెప్పింది ఇది. పొద్దుటి బస్సు. కాలు పెట్టడానికి చోటు లేదు. అతనికి వెనక సీటు దొరికింది. కిటికీ పక్కన ఒకాయన, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, మెళ్ళో కొలత టేపు. దర్జీ అయి ఉంటాడు. కాసేపటికి ఆయన తల వచ్చి ఇతని భుజం మీద వాలింది. ఇతను జరిగాడు. మళ్ళీ వాలింది. మొహం మీద చెమట ధారలు కడుతోంది. ఇతని చొక్కా చెయ్యి పట్టుకుని, "బాబూ, కొంచెం..." అన్నాడు. తర్వాతి మాట రాలేదు. సరిగ్గా అప్పుడే, ఫ్రీజరు పాడైన ఐస్‌క్రీం పార్లరు ఓనరు మళ్ళీ ఫోను చేసి, ఇంకా ఎంతసేపని అరిచాడు. ఇతని స్టాపు వచ్చింది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, సంచి ఎత్తుకుని దిగిపోయాడు. ఆయన్ని తర్వాతి స్టాపులో దింపి బెంచీ మీద కూర్చోబెట్టారట. అక్కడే పోయాడు.

"ఐస్‌క్రీం కరిగిపోతుందని దిగానక్కా" అన్నాడు తమ్ముడు. "మనిషి పోతున్నాడని కాదు, ఐస్‌క్రీం పోతోందని."

లాయరమ్మ క్లయింట్లతో మాట్లాడే గొంతుతో అడిగింది. "ఆయన నీకు తెలుసా?"

"తెలీదు."

"నువ్వు డాక్టరువా? నర్సువా? ఆ బస్సులో నీకేమైనా డ్యూటీ ఉందా? ఆయన్ని చూసుకుంటానని ఎవరికైనా మాటిచ్చావా?"

"లేదు."

"అయితే నీ మీద కేసు లేదు. ముక్కూమొహం తెలియని మనిషిని కాపాడి తీరాలని చట్టం నీకు చెప్పలేదు. నువ్వు తోస్తే నేరం. పడుతున్నవాణ్ణి పట్టుకోకపోతే నేరం కాదు."

"అలా ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా రాసి లేదు. రాసి లేకపోవడమేరా సంగతి." ఆమె లేచి నిలబడింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. "నేరం వేరు, తప్పు వేరు, పాపం వేరు. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసుంది. నా ఆఫీసులో నేరం ఒక్కటే చూస్తాం. నీది తప్పు కావచ్చు. ఏడిస్తే ఏడువు. అంతకుమించి చేసేదేం లేదు."

లోపలికెళ్ళి టీ పెడుతుంటే ఆమెకు లా కాలేజీ గుర్తొచ్చింది. చట్టానికీ, నీతికీ, మతానికీ గల సంబంధాన్ని వివరింపుము. ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న. ఆమె మూడు గుండ్రాలు గీసి, ఒకదాన్నొకటి ఎక్కడ కోసుకుంటాయో గీతలు కొట్టి చూపించింది. మంచి మార్కులే వచ్చాయి. ఆ గీతలు కొట్టిన చోట ఏం రాసిందో మాత్రం ఇప్పుడు తలకిందులుగా నిలబడినా గుర్తుకు రావడం లేదు.

గుర్తుకు వచ్చిన సంగతి వేరే ఉంది. చాలా ఏళ్ళ కిందట తమ్ముడు రోడ్డు మీద స్కూటరు గుద్దేసిన ముసలామెను ఆటోలో వేసుకుని ఆసుపత్రిలో చేర్చాడు. ఆమె బతికింది. ఇతని పేరు సాక్షుల్లోకి ఎక్కింది. ఇక వాయిదాలే వాయిదాలు. పనులు పోయాయి, కోర్టు వరండాలో కూర్చోవడంతోనే సరిపోయి, ఉన్న ఒక్క మంచి కస్టమరూ జారిపోయాడు. అప్పుడు అక్కే తిట్టింది. ఇంకోసారి ఇలాంటిది కంటబడితే తల అటు తిప్పుకుని పో, చట్టం మంచివాళ్ళనే ముందు తిప్పుతుంది, నాకు తెలీదా అని. ఆ మాట తమ్ముడికి గుర్తుందో లేదో. లేకపోతే బాగుండుననుకుంటూ గ్లాసుల్లో టీ పోసింది.

తర్వాత కొన్నాళ్ళకు ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. కోర్టులో రోజూ ఎదురుపడే మనిషే.

"మేడం, మీ తమ్ముడుగారు రోజూ స్టేషనుకు వస్తున్నారు. అరెస్టు చెయ్యమంటారు. ఏ సెక్షన్ కింద చెయ్యను? మా వాళ్ళు మొదట్లో టీ ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు అదీ మానేశారు. కాస్త వచ్చి తీసుకెళ్ళండి."

ఆమె వెళ్ళింది. స్టేషను గోడలు చెయ్యెత్తు వరకూ జిడ్డు పట్టి ఉన్నాయి. తమ్ముడు మూలబెంచీ మీద, దొంగ సెల్‌ఫోన్ల కేసులో పట్టుబడ్డ ఇద్దరి మధ్య, సొంత ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు తలపట్టుకుని, "మీరే చదువుకోండి మేడం, కేసు ఎప్పుడో మూసేశాం" అంటూ రిపోర్టు ఆమె ముందుకు తోశాడు.

అందులో గుండె ఆగిన సహజ మరణమని రాసి ఉంది. దాని ముందు మాత్రం, మృతుడు తాగిన మత్తులో ఉండగా బస్సు నుంచి దింపివేయబడి, అని ఉంది. శవాన్ని కొయ్యొద్దని ఇంటివాళ్ళు బతిమాలితే పరీక్షలేమీ చెయ్యకుండా ఇచ్చేశారట.

"తాగినట్టు ఎవరు చెప్పారు?" అని అడిగింది లాయరమ్మ.

"కండక్టరు. ఆయనకెవరో ప్రయాణికుడు చెప్పాడట, వెనక సీట్లో తాగుబోతు ఉన్నాడు చూసుకోమని. అందుకే దింపేశాడు."

ఆమె వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది. అతను ఫ్యాను వైపు చూస్తున్నాడు.

బయట, ఆపి ఉంచిన జీపుల పక్కన నిలబడి నిలదీసింది. "ఆ ప్రయాణికుడు నువ్వేనా?"

"నేనే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను. నువ్వు నేరం వేరు తప్పు వేరు అనేసరికి నోరు రాలేదు."

"వాసన వచ్చిందా నీకు?"

తల అడ్డంగా ఊపాడు. "రాలేదు. సబ్బు వాసన వచ్చింది. ఒంట్లో బాలేదని చెబితే కండక్టరు, అయితే నువ్వు పక్కనుండి చూసుకోవయ్యా అంటాడని భయమేసింది. తాగి ఉన్నాడంటే ఎవరూ ఏమీ అడగరు. దిగిపోవచ్చు. నోరు జారి అన్నది కాదక్కా. ఆలోచించే అన్నాను. ఆ రెండు నిమిషాల్లోనే అంత ఆలోచన వచ్చింది నాకు."

ఆమెకు కోపం వచ్చింది. కానీ అప్పటికి కోపానికి కూడా సత్తువ ఉండాలనిపించి, "పద ఇంటికి" అంది.

మర్నాడు తమ్ముడు మందిరానికి వెళ్ళాడు. వాళ్ళ అమ్మ ఉన్నన్నాళ్ళూ అక్కాతమ్ముళ్ళిద్దర్నీ వారం వారం చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిన మందిరమే. అమ్మ పోయాక అక్క మానేసింది, తమ్ముడు అప్పుడప్పుడు వెళ్ళేవాడు. మందిరం పెద్దాయన మెత్తటి మనిషి, చెప్పినదంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

"పశ్చాత్తాపపడ్డావు కదా నాయనా. దేవుడు నీ పాపం ఎప్పుడో కడిగేశాడు. ఇంక దాన్ని పట్టుకుని వేలాడకు."

"నన్ను కడిగాడు సరేనండీ. ఆయన్నెవరు కడుగుతారు? తాగుబోతు అనిపించుకుని పోయాడు."

పెద్దాయన కళ్ళు తెరిచాడు. "ఎవరు? కటింగ్ మాస్టరా?"

ఆ దర్జీ కూడా ఆ మందిరానికి వచ్చేవాడేనని తమ్ముడికి అప్పుడే తెలిసింది. బట్టలు కత్తిరించడానికి ఆయన పెట్టింది పేరట, అందుకే అందరూ మాస్టరనేవాళ్ళు. మందిరం తెరలు కుట్టింది ఆయనే. ఇంకో సంగతీ తెలిసింది. పోయినవాళ్ళ పేర్లు స్మరణ ప్రార్థనలో చదువుతారు. తాగి పోయినవాళ్ళ పేరు చదవరు, అది మందిరం నియమం. మాస్టరు పేరు చదవలేదు.

"ఆయన తాగలేదండీ. నేను చెబుతున్నాను కదా" అన్నాడు తమ్ముడు.

"నాకూ నమ్మబుద్ధి కాలేదు. కానీ పోలీసు కాగితంలో ఉందిగా నాయనా. కమిటీలో ఒకాయన ఆ కాగితం కాపీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రభుత్వం రాసినదాన్ని మేం కాదంటే ఎలా?"

ఆ సాయంత్రం ఇదంతా విన్న లాయరమ్మ ఇన్‌స్పెక్టరుకు ఫోను చేసింది. ఆ ఒక్క మాట కొట్టెయ్యడానికి వీలుందా అని.

"నా చేతుల్లో లేదు మేడం. కావాలంటే మందిరం వాళ్ళను, ఆయన తాగడని ఒక ఉత్తరం రాసివ్వమనండి, చూద్దాం."

ఆమె ఫోను పెట్టేసి, నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీలో వెనక్కి వాలింది. పోలీసులు రాశారు కాబట్టి మందిరం కాదనదు. మందిరం కాదనలేదు కాబట్టి పోలీసులు మార్చరు. ఇద్దరూ మర్యాదస్తులే. ఎవరి చేతికీ మట్టి లేదు.

"ఆమె దగ్గరికి వెళ్తాను, మాస్టరు భార్య దగ్గరికి" అన్నాడు తమ్ముడు.

"వెళ్ళి?"

"చెబుతాను."

ఒంటరిగా పంపడం ఇష్టంలేక ఆమె కూడా బయలుదేరింది. ఎవరైనా మీద పడి కొడితే అడ్డం పడొచ్చనుకుంది.

మాస్టరు భార్య పెద్దాసుపత్రి చాకిరేవు విభాగంలో పనిచేస్తుంది. ఆసుపత్రి వెనక, ఆవిరి నిండిన పొడవాటి గది. ఒక పక్క పెద్ద పెద్ద మిషన్లు గిరగిరా తిరుగుతున్నాయి. ఇంకో పక్క ఆరిన దుప్పట్ల గుట్ట. ఆమె ఆ గుట్ట ముందు నిలబడి మడతలు పెడుతోంది. పలచటి మనిషి, కళ్ళకింద గుంటలు. పని ఆపితే సూపర్‌వైజరు ఊరుకోడు, ఇక్కడే చెప్పండి అంది.

దుప్పటి రెండో కొస పట్టుకునే మనిషి ఆ రోజు రాలేదు. లాయరమ్మ బ్యాగు కింద పెట్టి, ఏమీ అనుకోకుండానే వెళ్ళి ఆ కొస పట్టుకుంది. ఆడవాళ్ళిద్దరూ దుప్పటి దులిపి, మడిచి, దగ్గరికొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్తుంటే, తమ్ముడు పక్కన నిలబడి మొత్తం చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. సబ్బు వాసన సంగతి కూడా చెప్పాడు.

మాస్టరు భార్య చేతులు ఆగాయి. "ఐస్‌క్రీమా?" అంది.

"అవునమ్మా."

ఆమె మళ్ళీ మడత మొదలుపెట్టింది. చాలాసేపటికి అడిగింది. "ఏమన్నాడు మా ఆయన?"

"బాబూ, కొంచెం అన్నారు. అంతే."

"కొంచెం." ఆ మాటను ఆమె నోట్లో వేసుకుని చూసినట్టుగా అంది. "అలాగే అంటాడు. ఏదడిగినా కొంచెం అంటాడు. కొంచెం మంచినీళ్ళు, కొంచెం పక్కకు జరుగు." లాయరమ్మ, "పాపం" అంది, నోటికి అలవాటైన మాట. మాస్టరు భార్య ఆమె వంక విసురుగా చూసింది. "ఎవరిదండీ పాపం?"

మిషను ఒకటి ఆగి, మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

"మా అత్తగారు రోజూ అడుగుతుంది" అంది మాస్టరు భార్య, తమ్ముడి వైపు చూడకుండా. "నీకు తెలియకుండా తాగేవాడేమోనే అని. లేదత్తయ్యా అంటాను. ఇన్నేళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదా. కానీ పొద్దున బస్సెక్కేటప్పుడు నాకే అనుమానం వస్తుంది. ఏమో, ఎక్కడైనా తాగేవాడేమో, నా దగ్గర దాచాడేమో అని. చచ్చిపోయిన మనిషిని అనుమానిస్తున్నాను. అదీ మీరు చేసింది. వదిలేసి దిగిపోవడం కాదు. దిగిపోయేవాళ్ళు బోలెడు మంది."

తమ్ముడు తలొంచుకున్నాడు. "నన్ను ఏం చెయ్యమన్నా చేస్తానమ్మా."

"మీరిక్కడికి నా కోసం వచ్చారా, మీ కోసం వచ్చారా?"

"నా కోసమేనమ్మా."

"తెలుస్తూనే ఉంది. మోయలేక, ఇక్కడ దించి పోదామని వచ్చారు. నా దగ్గర చోటు లేదు." దుప్పటి గుట్ట మీద పడేసింది. "ఆ మాట ఎక్కడ రాశారో అక్కడికెళ్ళి చెప్పండి. వాళ్ళు కొట్టేసేదాకా చెప్పండి. నాతో ఎందుకు?"

అలా కేసు మొదలైంది. తమ్ముడి మీద కాదు. ఆ రిపోర్టులోంచి 'తాగిన మత్తులో' అన్న మాట తొలగించమని మాస్టరు భార్య తరఫున లాయరమ్మ మేజిస్ట్రేటుకు పిటిషను పెట్టింది. అవతల కండక్టరు లాయరును పెట్టుకున్నాడు. పెట్టుకోక ఏం చేస్తాడు? తాగినవాణ్ణి దింపితే డ్యూటీ చేసినట్టు, జబ్బుపడ్డవాణ్ణి దింపితే ఉద్యోగం పోయినట్టు.

ఇక వాయిదాలు. ఒకసారి మేజిస్ట్రేటు సెలవు, ఒకసారి రికార్డు రాలేదు, ఒకసారి కరెంటు లేదు. మాస్టరు భార్య ప్రతిసారీ సెలవు పెట్టుకుని వచ్చేది, వరండాలో ఒక చివర కూర్చునేది. తమ్ముడు ఇంకో చివర కూర్చునేవాడు. పలకరించుకునేవాళ్ళు కారు. పనిముట్ల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, పిలుపు కోసం తలుపు వైపు చూస్తూ కూర్చున్న తమ్ముణ్ణి చూసినప్పుడల్లా లాయరమ్మకు ఆ స్కూటరు కేసు రోజులు కళ్ళముందు ఆడేవి. ఏ తిప్పలు పడకూడదని ఆ రోజు బస్సు దిగాడో, ఆ తిప్పలే ఇప్పుడు అడిగి మరీ పడుతున్నాడు.

చివరికి ఒకరోజు బోనెక్కాడు.

మేజిస్ట్రేటు కుర్రవాడే, కానీ రాత్రుళ్ళు తీర్పులు రాసి రాసి కళ్ళు లోపలికి పోయాయి. "సాక్షి మీ సొంత తమ్ముడంటగా? అవతలివాళ్ళకు అభ్యంతరమా?" అని అడిగాడు.

కండక్టరు లాయరు లేచి, "తమ్ముడి చేత తప్పు ఒప్పించడానికి తీసుకొచ్చిన లాయరు మీద నాకేం అభ్యంతరమండీ" అన్నాడు. కోర్టు నవ్వింది.

బెంచి క్లర్కు ప్రమాణం చేయించడానికి వచ్చాడు. పొద్దున్నుంచీ అదే పని చేసి విసిగిపోయిన గొంతు. "దైవసాక్షి అంటావా, మనస్సాక్షి అంటావా?"

తమ్ముడు తికమకపడ్డాడు. "రెండింటికీ తేడా ఏమిటండీ?"

"కోర్టుకు తేడా లేదు. ఎలా చెప్పి అబద్ధమాడినా జైలే. తొందరగా చెప్పవయ్యా."

"మనస్సాక్షి" అన్నాడు తమ్ముడు. మళ్ళీ ఏదో అనుమానం వచ్చి, "దైవసాక్షి కూడా వేసుకోండి" అన్నాడు. క్లర్కు మేజిస్ట్రేటు వైపు చూశాడు. "ఒకటి చాలు" అన్నాడు మేజిస్ట్రేటు.

లాయరమ్మ కాగితాలు సర్దుకుని లేచింది. ఇన్నేళ్ళలో ఎన్ని వందలమందిని ప్రశ్నించిందో లెక్కలేదు. సొంతవాణ్ణి ప్రశ్నించడం మాత్రం ఇదే మొదలు. బస్సు, సీటు, చెమట, పట్టుకున్న చెయ్యి, అన్నీ వరసగా అడిగింది. అతను వరసగా చెప్పాడు.

"ఆయన దగ్గర మద్యం వాసన వచ్చిందా?"

"రాలేదు. సబ్బు వాసన వచ్చింది."

"మరి తాగి ఉన్నాడని కండక్టరుకు ఎందుకు చెప్పారు?"

"దిగిపోవడానికి."

"దిగిపోవడానికి ఆయన మీద అపవాదు వెయ్యడం దేనికి? ఊరికే దిగొచ్చు కదా?"

ఈ ప్రశ్న ఆమె రాసుకున్న వాటిలో లేదు. అడిగాక నాలిక కరుచుకుంది.

"ఊరికే దిగితే మనసు ఒప్పుకోదండీ" అన్నాడు తమ్ముడు. "తాగుబోతు అనుకుంటే ఒప్పుకుంటుంది. అదీకాక, ఒంట్లో బాలేదంటే నన్ను ఆపుతారు. ఆపితే ఆసుపత్రి, పోలీసులు, తర్వాత సాక్షి అని కోర్టుల చుట్టూ తిప్పుతారు. ఒకసారి తిరిగాను. ఇంకోసారి ఇలాంటిది కంటబడితే తల తిప్పుకుని పొమ్మని మా అక్క చెప్పింది."

కోర్టు హాల్లో ఎవరో దగ్గారు. మేజిస్ట్రేటు రాయడం ఆపి లాయరమ్మ వైపు చూశాడు. టైపిస్టు, ఈ ముక్క కొట్టాలా వద్దా అన్నట్టు వేళ్ళు గాల్లో పెట్టుకుని కూర్చుంది.

"రికార్డు చేసుకోవచ్చండీ" అంది లాయరమ్మ. "నేనే చెప్పాను." తమ్ముడి మొహంలో పగ లేదు, ఎత్తిపొడుపు లేదు. అడిగారు కాబట్టి చెప్పాడు. "ఇంకేం ప్రశ్నలు లేవు" అని కూర్చుంది.

కండక్టరు లాయరు లేచాడు. "అప్పుడు బస్సులో అబద్ధం చెప్పానంటున్నావు. ఇప్పుడు నిజం చెబుతున్నావని ఏమిటి నమ్మకం?"

"నమ్మకం ఏమీ లేదండీ" అన్నాడు తమ్ముడు.

"ప్రాణం పోతున్న మనిషి వేళ్ళు విడదీసుకుని పోయినవాడివి. నీలాంటివాడి మాట ఈ కోర్టు ఎందుకు వినాలి?"

తమ్ముడు బోను కర్ర పట్టుకున్నాడు. ఎన్నాళ్ళనుంచో ఎవరైనా ఈ మాట అనాలని అతను ఎదురుచూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు అనలేదు, పెద్దాయన అనలేదు, అక్క అనలేదు. "వినక్కర్లేదండీ" అన్నాడు. "ఆయన తాగలేదన్న ఒక్క ముక్క వినండి. మిగతాది నా గురించి. అది మీరెలా అనుకున్నా సరే."

తర్వాతి వాయిదాకు తీర్పు వచ్చింది. అబద్ధం వల్ల ఈ సాక్షికి అప్పుడు లాభముంది, నిజం వల్ల ఇప్పుడు నష్టమే తప్ప లాభం లేదు, కాబట్టి నమ్ముతున్నామని రాశాడు మేజిస్ట్రేటు. 'తాగిన మత్తులో' అన్న మాట కొట్టేశారు. చదవడం అయ్యాక తమ్ముడు వెనక నుంచి లేచి నిలబడ్డాడు.

"మరి నా సంగతేమిటండీ?"

"ఏం సంగతి?"

"నేను చేసినదానికి?"

మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. "నువ్వు చేసింది నేరం కాదయ్యా. కాదని చెప్పడం నాకేమీ సంతోషంగా లేదు. కానీ ఈ కోర్టులో నీకు ఇవ్వడానికి ఏమీ లేదు. కూర్చో." తర్వాతి కేసు పిలిచారు.

వరండాలో కండక్టరు ఎదురొచ్చాడు. పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి. "మీరు నిజం చెప్పేసి హాయిగా నిద్రపోతారు" అన్నాడు. "నాకు ఆఫీసులో సంజాయిషీ కాగితం ఇచ్చారు. మీ మాట నమ్మడమే నేను చేసింది."

తమ్ముడు ఏదో అనబోయాడు. కండక్టరు వినకుండా మెట్లు దిగిపోయాడు. కండక్టరుకు జవాబు రాసుకోవడంలో సాయం చేస్తానని లాయరమ్మ మర్నాడు కబురు పంపింది. అతను రాలేదు. కొన్నాళ్ళు సస్పెండు చేసి, మందలించి, మళ్ళీ తీసుకున్నారని తర్వాత తెలిసింది.

తీర్పు కాపీ మందిరానికి చేరింది. కమిటీ కూర్చుంది, మళ్ళీ కూర్చుంది. ఎట్టకేలకు, వచ్చే స్మరణలో మాస్టరు పేరు చదువుతామని పెద్దాయన కబురు చేశాడు.

ఆ రోజు అక్కాతమ్ముళ్ళిద్దరూ వెళ్ళారు. తమ్ముడు లోపలికి రానన్నాడు, గేటు పక్కన అరుగు మీద కూర్చున్నాడు. లాయరమ్మకు ప్రార్థన మీద గురి లేదు, కాళ్ళు పీకుతున్నాయని వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. పేర్లు చాలా ఉన్నాయి. పెద్దాయన ఆపకుండా చదువుకుంటూ పోయాడు. మాస్టరు పేరు మధ్యలో ఎక్కడో వచ్చింది, వెళ్ళిపోయింది. ముందు వరసలో ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కనున్న మాస్టరు భార్య కదల్లేదు.

ఒక్క పేరు చదవడానికి ఇన్ని నెలలు పట్టిందా అనుకుంది లాయరమ్మ. దేవుడుంటే ఆయనకు ఈ కాగితాలతో పని లేదు. లేకపోతే అసలే లేదు. అయినా ఆ ముసలామె ఏడుస్తోంది, చూస్తే నమ్మాల్సిందే. ఇంతకుమించి ఆలోచించే ఓపిక లేక కళ్ళు మూసుకుంది.

బయటికి వచ్చాక తమ్ముడు లేచాడు. "చదివారా?"

"చదివారు."

"తప్పు లేకుండా?"

"తప్పు లేకుండానే."

జనం గుంపులుగా బయటికి వస్తున్నారు. మాస్టరు భార్య అత్తగారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతోంది. వీళ్ళను చూసి, అత్తగారిని ఎవరికో అప్పగించి, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. లాయరమ్మకు నమస్కారం పెట్టింది. తమ్ముడి ముందుకు వచ్చి నిలబడింది.

"అనుమానం పోయింది" అంది. "ఆ రోజు మీరు బోనులో సబ్బు వాసన అన్నారు కదా. ఇంట్లో ఆ సబ్బు ఇంకో ముక్క ఉంది. తీసి వాసన చూశాను. అనుమానం అప్పుడే పోయింది."

తమ్ముడు తలూపాడు.

"కోపం పోలేదు. పెద్దాయన క్షమించెయ్యమ్మా, నీకే మంచిది అన్నారు. నావల్ల కాదని చెప్పాను. పోయినప్పుడు పోతుంది. పోతే నేనే చెప్తాను. మీరు మాత్రం అడగడానికి రాకండి."

"రానమ్మా" అన్నాడు తమ్ముడు.

ఆమె వెళ్ళిపోయింది. అత్తగారు దూరం నుంచి, ఎవరే వాళ్ళు అని గట్టిగా అడగడం వినిపించింది. ఆమె ఏం జవాబు చెప్పిందో వినిపించలేదు.

అక్కాతమ్ముళ్ళు నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు. ఎండ బాగా ఎక్కింది. సందు మొదట్లో లాయరమ్మ ఆగి, గోడ నీడలోకి జరిగి నిలబడింది.

"ఒరేయ్, ఆ మాట నేను చెప్పి ఉండకూడదు" అంది.

"నువ్వు చెప్పకపోయినా దిగేవాణ్ణేనేమో అక్కా. తెలీదు."

"తెలీదు" అని ఒప్పుకుంది ఆమె.

తమ్ముడి ఫోను మోగింది. ఎవరిదో ఏసీ నీళ్ళు కారుతోందట. వస్తున్నానని చెప్పి, అక్క చేతిలోని బ్యాగు తీసుకుని ముందు నడిచాడు. ఆమె వెనక మెల్లగా నడిచింది. మర్నాడు ఆమెకు మూడు వాయిదాలు ఉన్నాయి. వాటి కాగితాలు ఇంకా చూడలేదు.